పాలకొల్లు దాకా వచ్చిన దూరదర్శన్

ఫ్రీ టు ఎయిర్ ప్రసారం అంటే తాళం వేయని టీవీ సంకేతం. దాన్ని పట్టుకునే సరంజామా ఇంట్లో ఉన్న ఎవరైనా నెలనెలా చందా కట్టకుండా చూసుకోవచ్చు. అయితే టవరు, స్టూడియో, ఉపగ్రహం, కరెంటు, కళాకారుల పారితోషికం ఏదీ ఊరికే రాదు. ఆ ఖర్చును ప్రభుత్వ ఖజానా భరిస్తుంది, లేదా ప్రకటనలిచ్చే కంపెనీలు భరిస్తాయి. యాంటెన్నా, టీవీ సెట్టు మాత్రం చూసేవాడివి. ఈ పంపకంలో ఎవరి వాటా ఎంత అన్నది మారినప్పుడల్లా ఉచిత టీవీ రూపం కూడా మారుతూ వచ్చింది. తెలుగునాట నిలకడైన టీవీ ప్రసారం హైదరాబాదులో మొదలై, చాలా నిదానంగా గోదావరి డెల్టా చివరనున్న పాలకొల్లు లాంటి ఊళ్లకు చేరింది.

దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా ప్రారంభమైంది. రెండో నగరమైన బొంబాయికి 1972లో గానీ రాలేదు. తెలుగువాళ్లకు మాత్రం టీవీ మొదట నగరంలో కాక పల్లెల్లో కనిపించడం ఒక వింత. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు విద్య, వ్యవసాయ కార్యక్రమాలు పంపారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ల దొడ్డికి కట్టే జల్లెడ వలను సుమారు పది అడుగుల గొడుగులా బిగించి యాంటెన్నాగా వాడారు. సెట్లను హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారు చేసింది. బొమ్మ ఒక్కటే, దానికి మాట రెండు భాషల్లో నడిచేది. తెలుగు ఊరికి తెలుగు వినిపిస్తే, అదే దృశ్యానికి కన్నడ ఊరిలో కన్నడం వినిపించేది. ఎంపికైన ఊళ్లన్నీ వెనకబడ్డ, మెట్ట ప్రాంతాలవి. కాలువల కింద రెండు పంటలు పండే గోదావరి జిల్లాలు ఆ లెక్కలోకి రాలేదు.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రసారాలు ప్రారంభించింది. అంతకు ముందు ఏడాదే దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపడి సొంత సంస్థ అయింది, ప్రకటనలు తీసుకోవడం కూడా 1976 జనవరి 1 నుంచే. కొత్త కేంద్రం సాయంత్రం కొన్ని గంటలు నలుపు తెలుపుల్లో ప్రసారం చేసేది. దాని టవరు చుట్టుపక్కల వాళ్లకే ఆ భాగ్యం. పాలకొల్లులో టీవీ కొన్నా పెట్టెలో చుక్కలు తప్ప ఏమీ కనిపించని రోజులవి. ఇంకో విశేషం: కేంద్రం పెట్టిన ఆరేళ్ల దాకా తెలుగులో వార్తల బులెటినే లేదు. తొలి బులెటిన్‌ను 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ చదివారు. ఎదుట అక్షరాలు కదిలే టెలీప్రాంప్టరు అప్పట్లో లేదు. కాగితాల మీది వార్తను ముందే మనసులో పెట్టుకుని, తల ఎత్తి కెమెరా కళ్లలోకి చూస్తూ చెప్పాలి. ఆయన అలా పదేళ్ల దాకా నెట్టుకొచ్చారు. నేటి యాంకర్ల వేగంతో పోలిస్తే ఆ చదువు నెమ్మదైనదే, కానీ ఒక్కో మాట ఇంట్లో ముసలివాళ్లకు కూడా అందేది.

హైదరాబాదు నుంచి డెల్టాకు బొమ్మ ఎందుకు రాదో అర్థం కావాలంటే తరంగాల నడక తెలియాలి. దూరదర్శన్ మొదట వాడిన వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు సాగినట్టే సాగుతాయి. భూమి వంపు వాటికి అడ్డం. మామూలు వాతావరణంలో ఈ దూరాన్ని కట్టే లెక్క సులువే: యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు 4.1తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి. 150 మీటర్ల టవరు చూపు 50 కిలోమీటర్లు. ఇంటి మీద 3 మీటర్ల గడ ఉంటే దాని వంతు మరో 7 కిలోమీటర్లు, దాన్నే 12 మీటర్లకు పెంచితే 14. అంటే గడ నాలుగు రెట్లయితే దాని వంతు దూరం రెండు రెట్లే అవుతుంది. విజయవాడ పక్కన కొండపల్లి గుట్ట మీద పెట్టిన ఎక్కువ శక్తి ట్రాన్స్‌మిటరుకు కొండ ఎత్తు కలిసొచ్చింది. అయినా పాలకొల్లు అక్కడికి గీత గీసినట్టు చూస్తే సుమారు 125 కిలోమీటర్లు. ఎంత పెద్ద గడ పాతినా ఆ లెక్క కుదరదు. డెల్టాలో కొండలు లేవు కాబట్టి తరంగానికి అడ్డు లేదు, టవరు పెట్టుకోవడానికి ఎత్తూ లేదు.

అందుకే రిలే కేంద్రాలు అవసరమయ్యాయి. రిలే కేంద్రం అంటే పెద్ద కార్యాలయమేమీ కాదు: ఉపగ్రహం వైపు తిరిగిన ఒక డిష్, ఆ సంకేతాన్ని మళ్లీ వదిలే ట్రాన్స్‌మిటరు, ఒక టవరు, కరెంటు పోతే జనరేటరు, కొద్దిమంది సిబ్బంది. తక్కువ శక్తి కేంద్రాలు 100 వాట్లవి. అంటే ఆనాటి ఇంటి బల్బంత శక్తితో చుట్టూ 15, 20 కిలోమీటర్లకు బొమ్మ పంపేవి. వీటన్నిటికీ ఒకేసారి కార్యక్రమం అందించేది ఉపగ్రహమే. 1982లో పంపిన ఇన్సాట్-1ఏ కొన్ని నెలలకే చెడిపోయింది. 1983 ఆగస్టు 30న చాలెంజర్ అంతరిక్ష నౌకలో వెళ్లిన ఇన్సాట్-1బి నిలబడింది. ఆ ధైర్యంతో 1984లో కొన్ని నెలల పాటు సగటున రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు దేశమంతా లేచాయి. దేశం మొత్తం మీద వాటి సంఖ్య కాలక్రమంలో 1,400 దాటింది. రంగుల ప్రసారం 1982 ఆగస్టు 15నే వచ్చినా, జిల్లాల్లో చాలా ఇళ్లకు రంగు చేరడానికి మరో పదేళ్లు పట్టింది. దానికి కారణం సెట్టు ధరే.

రిలే కేంద్రానికి సొంత గొంతు ఉండదు. ఢిల్లీ ఏది పంపితే దాన్నే వదులుతుంది. కాబట్టి హైదరాబాదు కార్యక్రమం ఉపగ్రహం మీదుగా జిల్లాలకు అందే ఏర్పాటు జరిగే వరకు, చాలా పట్టణాల్లో ఉచిత టీవీ అంటే హిందీ టీవీయే. భాష రాకపోయినా జనం చూశారు. రామాయణం 1987 జనవరి 25 నుంచి ఆదివారం పొద్దున్నే వచ్చేది. కథ ముందే తెలుసు, కాబట్టి మాట తెలియకపోయినా ఇబ్బంది లేదు. తెలుగు కార్యక్రమాలు అందిన తర్వాత వారం తెలుగువాళ్ల లెక్కలో పడింది: శుక్రవారం రాత్రి చిత్రలహరి పాటలు, వారాంతంలో తెలుగు సినిమా, సాయంత్రాలు రైతుల కోసం వ్యవసాయ కార్యక్రమం. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు పాలకొల్లు. తమ ఊరివాళ్ల సినిమా డబ్బులు లేకుండా ఇంట్లో కనిపించడం ఆ ఊరికి చిన్న విషయం కాదు. సినిమా హాళ్లకు మాత్రం అది కిట్టే విషయం కాదు.

చూసేవాడి వాటా ఖర్చు ఇక్కడే కనిపిస్తుంది. సెట్టుతో పాటు అల్యూమినియం కడ్డీల యాంటెన్నా, దాన్ని నిలబెట్టడానికి సరుగుడు బాదు గానీ వెదురు గడ గానీ ఇనుప పైపు గానీ, సంకేతం పలచగా ఉంటే బూస్టరు కొనుక్కోవాలి. కడ్డీల్లో వెనకది కాస్త పొడుగు, అది తరంగాన్ని ముందుకు తిప్పికొడుతుంది. ముందున్న పొట్టి కడ్డీలు దాన్ని పోగు చేస్తాయి. తీగ కలిపేది మధ్య కడ్డీకి. టవరు వైపు మొన సూటిగా లేకపోతే బొమ్మ పక్కన నీడలా ఇంకో బొమ్మ పడేది. ఒకడు డాబా ఎక్కి గడ తిప్పడం, ఇంకొకడు కిటికీ దగ్గర నిలబడి "వచ్చింది... పోయింది... కాస్త ఇటు" అని అరవడం ఆ కాలం పిల్లలందరికీ తెలిసిన పని. సముద్రం గాలికి కడ్డీల బిగింపులు తుప్పు పట్టేవి, తుపాను వచ్చిందంటే ముందు వాలిపోయేది ఆ గడే. వీటికి తోడు 1980ల మధ్య దాకా టీవీకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో రుసుము కట్టాలి. ఆ రుసుము ఎత్తేసిన తర్వాతే దూరదర్శన్ నిజంగా ఉచితమైంది. ఆ లోటును ప్రకటనలు పూడ్చాయి.

1990ల మొదట్లో ఆకాశం నుంచి ఇంకో దారి తెరుచుకుంది. పెద్ద డిష్ పెట్టి, వీధిలో కరెంటు స్తంభాల మీదుగా, కొబ్బరి చెట్ల మీదుగా కేబుల్ లాగే వాళ్లు ప్రతి పట్టణంలో వెలిశారు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక క్రికెట్ ప్రసారాల కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కావని తీర్పు చెప్పింది. అదే ఏడాది జెమినీ టీవీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. ప్రైవేటు చానళ్లకు తొలినాళ్లలో కావలసింది చూసే జనం. అందుకే సంకేతానికి తాళం వేయకుండా వదిలేవి. కేబుల్ ఆపరేటరుకు వాటి కోసం కట్టాల్సిందేమీ లేదు, వైరు చందా మాత్రం ఇంటివాళ్ల దగ్గర తీసుకునేవాడు. చూసేవాడికి అది ఉచితం కాదు, చానల్ లెక్కలో మాత్రం ఉచితమే. ఈ రెండింటి తేడా చాలామంది గమనించలేదు. ప్రేక్షకులు పెరిగాక పెద్ద చానళ్లు ఒక్కొక్కటిగా తాళం వేసుకున్నాయి. దూరదర్శన్ చానళ్లను మాత్రం కేబుల్ వాళ్లందరూ తప్పనిసరిగా చూపించాలని 1995 కేబుల్ చట్టం చెప్పింది. ఆ నిబంధన లేకపోయి ఉంటే చాలా ఇళ్లలో దూరదర్శన్ అప్పుడే కనుమరుగయ్యేది.

ప్రైవేటు చానళ్లకు దూరదర్శన్ జవాబు 2004 డిసెంబరులో వచ్చింది. డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 33 చానళ్లతో చందా లేని డీటీహెచ్ మొదలైంది, 2014 నుంచి దాని పేరు డీడీ ఫ్రీ డిష్. చిన్న డిష్, ఒక సెట్‌టాప్ బాక్సు ఒక్కసారి కొంటే చాలు. నేడు ఈ సంకేతం జీశాట్-15 నుంచి వస్తోంది. ఆ ఉపగ్రహం భూమధ్య రేఖ మీద 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. పాలకొల్లు నుంచి లెక్కిస్తే అది ఆగ్నేయ దిశలో, నేల నుంచి సుమారు 66 డిగ్రీల ఎత్తులో, అంటే నడినెత్తికి కొంచెం కింద ఉన్నట్టు. ఈ ఎత్తు కొబ్బరి తోటల మధ్య ఇళ్లకు మేలు చేసింది. 20 మీటర్ల కొబ్బరి చెట్టయినా డిష్‌కు ఆగ్నేయంగా ఓ తొమ్మిది, పది మీటర్ల అవతల ఉంటే అడ్డు రాదు. గడ పాతక్కరలేదు. ఒక్క కష్టం వానది: ఈ డిష్‌లు వాడే కేయూ బ్యాండు తరంగాలను దట్టమైన వాన చుక్కలు పీల్చేస్తాయి. జడివానలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయేది అందుకే. పాత వీహెచ్ఎఫ్ బొమ్మకు వానతో ఈ బాధ లేదు.

ఫ్రీ డిష్‌లో ఖర్చు పంపకం తలకిందులైంది. ఇక్కడ కోట్ల రూపాయలు కట్టేది చానల్. ప్రైవేటు చానళ్లు ఏడాది చోటు కోసం వేలంలో పోటీ పడతాయి, ఆ సొమ్ము దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఆదాయం. పేదల ఇళ్లకు చేరితే ప్రకటనలకు రేటు వస్తుందన్నది చానళ్ల ఆశ. కానీ చందా కట్టే ప్రేక్షకుడు అదే చానల్ ఉచితంగా వస్తోందని అటు మళ్లితే నష్టం. అందుకే పెద్ద సంస్థలు 2019లో ఒకసారి, 2022లో మరోసారి తమ హిందీ చానళ్లను ఫ్రీ డిష్ నుంచి తీసేశాయి, కొన్ని తర్వాత తిరిగి వచ్చాయి. 2023 నాటికి దేశంలో సుమారు 4.5 కోట్ల ఇళ్లు ఈ సేవ చూస్తున్నట్టు పరిశ్రమ అంచనా. ఆ బలం మాత్రం ఉత్తరాదిది. వేలంలో చోటు కొన్నవాటిలో అత్యధికం హిందీ చానళ్లే కావడంతో, తెలుగు ఇంటికి అందులో దక్కింది తక్కువ. తెలుగు సీరియల్, తెలుగు సినిమా కావాలంటే పాలకొల్లులో నేటికీ ఎక్కువగా చందా కట్టే కేబుల్ వైరో, డిష్షో దిక్కు. రాష్ట్ర ప్రభుత్వం ఈ వైరు వ్యాపారంలోకి కూడా దిగింది. నరసాపురానికి గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న మోరి గ్రామంలో 2016 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి తొలుత నెలకు 149 రూపాయలకు ఇచ్చింది.

రాష్ట్ర విభజన తర్వాత 2014 సెప్టెంబరులో హైదరాబాదు తెలుగు చానల్ డీడీ యాదగిరిగా మారింది, విజయవాడ నుంచి డీడీ సప్తగిరి నడవసాగింది. ప్రేక్షకుల లెక్కల్లో ఇవి ప్రైవేటు చానళ్ల దరిదాపుల్లో లేవు. అవి చేసే పని వేరు. 2020లో బడులు మూతపడ్డప్పుడు ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పిల్లలకు సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ఇంటర్నెట్ లేని ఇంట్లోకి పాఠం వెళ్లడానికి అంతకు మించిన తేలిక దారి అప్పుడు లేదు. అలాగే 2007 చట్టం ప్రకారం దేశ ప్రాముఖ్యం ఉన్న క్రీడల ప్రసారాన్ని హక్కులు కొన్న సంస్థ దూరదర్శన్‌తో పంచుకోవాలి. భారత జట్టు ఆడే పెద్ద మ్యాచ్‌లు ఉచితంగా కనిపించడం ఆ చట్టం చలవే.

నేల మీది టవర్ల కథ మాత్రం ముగిసింది. చూసేవాళ్లు లేని అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి దశలవారీగా ఆపేసింది. సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల కొన్నింటిని ఉంచి, మిగతావాటికి 2022 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. రిలే టవర్ల నీడలో పెరిగిన తరానికి ఆ వార్త పేపరులో చిన్న పెట్టె కట్టిన వార్తగా కూడా కనిపించి ఉండదు. ఇప్పుడు ప్రయోగంలో ఉన్నది డైరెక్ట్ టు మొబైల్: సిమ్ కార్డు, డేటా లేకుండా టీవీ సంకేతం నేరుగా ఫోనులోకి రావడం. దానికి మళ్లీ టవర్లు కావాలి, ప్రతి ఫోనులో ప్రత్యేకమైన చిప్ కూడా కావాలి. టవర్ల ఖర్చు ప్రభుత్వం చూసుకున్నా, చిప్ వల్ల ఫోను ధర పెరుగుతుందని తయారీ కంపెనీలు అభ్యంతరం చెబుతున్నాయి.