మీకు తెలుసా? బంగాళాఖాతం బురదలో గోదావరి కరువుల చరిత్ర

2006లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో మీథేన్ హైడ్రేట్ల (మంచులాంటి ఇంధన నిక్షేపాల) కోసం ‘జాయిడిస్ రిజల్యూషన్’ నౌక సముద్రగర్భాన్ని తవ్వింది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా దొరికిన బురద స్తంభం మాత్రం మరో నిధిని బయటపెట్టింది: వేల ఏళ్ల వానల చరిత్ర!

నది మోసుకొచ్చిన ఆకుల మైనం అందులో పొరలు పొరలుగా నిలిచి ఉంది. ఆ మైనంలోని కార్బన్ ఐసోటోపులను పరీక్షిస్తే, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహక ప్రాంతంలో పొడి వాతావరణాన్ని తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయని తేలింది. ఆ తర్వాతా అవే నిలిచాయి.

అదే బురదలో ఇసుక రేణువంత ఫొరామినిఫెరా గుల్లలూ ఉన్నాయి. ఈ ఏకకణ జీవులు బతికిన నీటి ఉప్పదనం, వెచ్చదనం వాటి గుల్లల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల్లో నమోదవుతాయి. గత 3,000 ఏళ్లలో బంగాళాఖాతం పైనీరు పలుమార్లు బాగా ఉప్పెక్కిందని, అంటే నదుల మంచినీరు తగ్గిందని, ఆ గుల్లలే చెప్పాయి.