మబ్బుంటేనే మథనం!

నల్లమబ్బు వస్తుంది, ఊరు దాటి పోతుంది. విడపనకల్లు రైతుకిది కొత్తేం కాదు. అందులో నీళ్లుండీ ఎందుకు కురవవు?

ఆవిరి చల్లబడి సన్నని బిందువులైతే మబ్బు. తేలిక కాబట్టి కింద పడవు. చాలా ఎత్తులో సున్నా డిగ్రీలకన్నా చల్లబడినా గడ్డకట్టకుండా నీళ్లలాగే ఉండిపోతాయి! సిల్వర్ అయొడైడ్ చల్లితే వాటికి ఆధారం దొరికి మంచు పుడుతుందని 1946లో అమెరికా శాస్త్రవేత్త బెర్నార్డ్ వానెగట్ కనిపెట్టారు. ఆ మంచు రేణువులే ఆవిరిని పీల్చుకుని బరువెక్కి, దారిలో కరిగి వానవుతాయి. 2004 తర్వాత కొన్నేళ్లు అనంతపురం జిల్లాలో మేఘమథనం చేయించారు. దాని వెనకున్న సూత్రాల్లో ఇదొకటి.

కురిసిన చినుకు మథనం వల్లో, దానంతటదేనో తేల్చడం కష్టం. ఒకటి మాత్రం ఖాయం... మబ్బే లేకపోతే ఏ మందూ పనిచేయదు. వేరుసెనగ వాడిపోయే రోజుల్లో కొరవడేది ఆ మబ్బే!