సాక్షి మనస్సు – బాలికల చదువు

ఇంటర్మీడియటు ముగించిన బాలికలు కొందఱు నేడు ఫోరెన్సిక్ సైకాలజీ, అనగా న్యాయవిచారణకు తోడ్పడు మనశ్శాస్త్రము, చదువగోరుచున్నారు. దొంగలతోను హంతకులతోను ఆడుపిల్లకేమి పనియని తల్లులు బెదరుట సహజమే. కాని యా చదువులో నేమున్నదో తెలిసికొని పిమ్మట నిర్ణయించుట మేలు.

పట్టపరీక్షకు చదువు విద్యార్థిని మొదటనే నేరస్థుని యెదుట గూర్చుండదు. జ్ఞాపకశక్తి, బాలల మనోవికాసము, మానసికవ్యాధులు, గణాంకశాస్త్రము మున్నగునవి యామె తొలి పాఠములు. సాక్షుల జ్ఞాపకము పొరపడునని హార్వర్డు ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గు 1908లోనే గ్రంథము వ్రాసెను. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు మోటారుకార్లు ఢీకొనిన చలనచిత్రములను విద్యార్థులకు జూపి, కార్లు ‘తాకినప్పుడు’ వేగమెంతయని కొందఱిని, ‘నుగ్గగునట్లు గ్రుద్దుకొనినప్పుడు’ వేగమెంతయని మఱికొందఱిని నడిగిరి. మొదటివారు గంటకు సగటున సుమారు 32 మైళ్లనియు, రెండవవారు 41 మైళ్లనియు జెప్పిరి. వేఱొక పరీక్షలో వారము గడచిన పిమ్మట, పగిలిన గాజు చూచితిరాయని యడుగగా, కఠినమైన మాట వినిన 50 మందిలో 16 మంది చూచితిమనిరి; సాధారణమైన మాట వినిన 50 మందిలో 7 గురే యట్లనిరి. ఆ చిత్రమున గాజు పగులనే లేదు!

ఇది గృహిణులకును బనికివచ్చు పాఠము. బిడ్డ యేడ్చుచు వచ్చినపుడు “వాడేగదా నిన్ను గొట్టినది?” యని యడిగినచో జవాబును మనమే యందించినవారమగుదుము. “ఏమి జరిగినదమ్మా?” యని యడిగి యూరకుండినచో బిడ్డ తాను చూచినది తన మాటలతోనే చెప్పును. న్యాయస్థానమున నీ భేదమువలననే నిరపరాధి చెఱసాల పాలు గావచ్చును, అపరాధి తప్పించుకొనవచ్చును.

మన చట్టమును బిడ్డ మనస్సు నెఱిగి నడచుచున్నది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, లైంగికాపరాధమునకు గుఱియైన బిడ్డ వాఙ్మూలమును బిడ్డ యింటనో, కోరినచోటనో, సాధ్యమైనంతవఱకు స్త్రీ పోలీసు అధికారియే, యూనిఫారము లేకుండ వ్రాసికొనవలెను. నార్కోపరీక్ష, అసత్యశోధనపరీక్ష మున్నగువానిని సమ్మతి లేనివారికి జేయరాదని 2010లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

సినిమాలు చూచి మోజుపడి చేరిన బాలికకు గణాంకములు విసుగు పుట్టించును. పట్టముతోనే నిపుణత రాదు. పైచదువును, పెద్దల పర్యవేక్షణలో నభ్యాసమును వలయును. ఓర్పును, వినయమును, ఎదుటివారి మాటను దుదవఱకు వినుగుణమును గల బాలిక యడిగినచో, వలదనుటకు ముందు పాఠ్యక్రమమును దెప్పించి యామెతో గూర్చుండి చదువుడు. భయపడి నోరు విప్పలేని బిడ్డ చెంత రేపు గూర్చుండి వినవలసినవారు మన బాలికలే కావచ్చును.