ట్రిగ్గర్ బిగువు తగ్గాలి, ధర తగ్గకూడదు

టెక్సాస్‌లో మా ఇంట్లో ఉన్నది స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్. అయిదు తూటాలు పడతాయి, బరువు 400 గ్రాములకు కాస్త పైన. చేతిలో ఇట్టే ఇమిడిపోతుంది గానీ ట్రిగ్గర్ మహా గట్టి. ‘‘ఏవండీ, ఇది నొక్కడమా, నిండు చేద తోడడమా?’’ అంటుంది మా ఆవిడ. దాన్ని లాగడానికి సుమారు 12 పౌన్లు, అంటే అయిదున్నర కిలోల బలం కావాలి మరి.

అది తయారీలోపం కాదు. 1950లో వచ్చిన ‘జె’ ఫ్రేమ్ రివాల్వర్ల తీరే అంత. ఒళ్లు చిన్నది కాబట్టి లోపలి హ్యామర్ కదిలే దూరమూ తక్కువే. ఆ కాస్త దూరంలోనే తూటా పేలేంత దెబ్బ కొట్టాలంటే స్ప్రింగ్ బలంగా ఉండాలి. ట్రిగ్గర్‌ను వెనక్కి తెచ్చే స్ప్రింగ్ వేరే ఉంది. ఈ రెండింటితోనూ పోరాడాల్సింది ఒక్క చూపుడువేలే.

ముందు ఖర్చులేని పని చేయండి. తూటాలన్నీ తీసి పక్కగదిలో పెట్టి, సిలిండర్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. డమ్మీ తూటాలు వేసి, గురి క్షేమమైన దిక్కున పెట్టి, రోజూ కాసేపు నొక్కండి. బిగువు పెద్దగా తగ్గదు కానీ గరుకు పోతుంది, వేలికీ బలం వస్తుంది. లోపల పాత నూనె జిగురులా గట్టిపడి ఉంటే, శుభ్రం చేయించగానే తేడా తెలుస్తుంది.

అప్పటికీ చాలకపోతే తేలిక స్ప్రింగులు దొరుకుతాయి. మరీ తేలికవైతే హ్యామర్ దెబ్బ చాలక తూటా పేలదు, ట్రిగ్గర్ కూడా బద్ధకంగా వెనక్కొస్తుంది. ఆత్మరక్షణకు ఉంచుకున్న ఆయుధానికి అది పనికిరాదు. అందుకే గన్‌స్మిత్ చేతే వేయించి, మీరు వాడే తూటాలతోనే రేంజ్‌లో పరీక్షించండి. మనమే విప్పబోయి పక్కపలకను స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే గాట్లు పడతాయి. కొనేవాడి కళ్లు ముందు వెళ్లేది స్క్రూల మీదికే. తీసేసిన స్ప్రింగులను కవర్లో వేసి, పేరు రాసి, అసలు పెట్టెలోనే దాచండి. పిడి మార్చినా పాతది పారేయొద్దు.

ఆకురాయి మాత్రం పట్టొద్దు. హ్యామర్, ట్రిగ్గర్ ఒరుసుకునే చోట ఉక్కుకు పైపొర మాత్రమే గట్టి. అది అరిగిందా, రివాల్వర్ ప్రమాదకరమవుతుంది, ధరా పడిపోతుంది. పాత రివాల్వర్‌కు కొత్త మెరుగు పెట్టించినా అంతే, సేకర్తలు అసలు పూతకే విలువిస్తారు.

ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సున్నవాళ్లకు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు వ్యాపారానికి విడిగా లైసెన్సు ఉండాలి. కాబట్టి తెలిసిన మెకానిక్కు దగ్గరికి కాదు, ఆ లైసెన్సున్న డీలరు దగ్గరికే తీసుకెళ్లండి.

ఎక్కడున్నా సూత్రం ఒక్కటే: మళ్లీ యథాస్థితికి తేగలిగిన మార్పే చేయించండి. మార్చిన స్ప్రింగును మళ్లీ మార్చవచ్చు, అరగదీసిన ఉక్కును తిరిగి తేలేం.