ప్రాణం నిలిపే పరికరానికీ పన్నేనా?

గుత్తి నుంచి పెనుకొండ దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి బోల్తా పడితే, 108 వచ్చేలోపు ముందుగా పరుగెత్తేది పక్క ఊరి కుర్రాళ్లే. 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని నేల ఇది. శెనక్కాయ పండిన ఏడాదే నాలుగు రూపాయలు చందా పుడుతుంది. ఆ డబ్బుతో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరో, లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటరో కొందామని వెళ్తే బిల్లు దగ్గర వాదన మొదలవుతుంది.

అపోహ: మాది రిజిస్టరైన ట్రస్టు, 80జీ ఉంది. జీఎస్టీ వేయకూడదు.

వాస్తవం: 80జీ ఆదాయపు పన్నుకు సంబంధించినది. దానివల్ల చందా ఇచ్చినవారికి ఊరట, కొనే సామానుకు కాదు. జీఎస్టీ వస్తువును బట్టి పడుతుంది, కొనేవాళ్ల మనసును బట్టి కాదు. కార్పొరేట్ ఆసుపత్రికీ పల్లె యువజన సంఘానికీ ఒకటే రేటు.

అపోహ: అంబులెన్సు సేవకు పన్ను లేదు కాబట్టి బండికీ లేదు.

వాస్తవం: సేవకు లేని మాట నిజం. బండికి మాత్రం 2017 జులై 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం. పది లక్షల బండికి లక్షా ఎనభై వేలు! పైగా సేవకు మినహాయింపు ఉన్నందువల్లే, బండి మీద కట్టిన పన్నును ఇంకెక్కడా సర్దుబాటు చేసుకునే వీలుండదు. ఫ్యాక్టరీలోనే అంబులెన్సుగా బిగించి వచ్చిన వాహనాన్నే చట్టం అంబులెన్సుగా లెక్కిస్తుంది. మామూలు వ్యాను కొని ఊళ్లో స్ట్రెచరు పెట్టించుకుంటే ఆ లెక్కలోకి రాదు.

అపోహ: కరోనా అప్పుడు తగ్గించిన రేటే నడుస్తోంది.

వాస్తవం: 2021 జూన్‌లో కాన్సన్‌ట్రేటర్లు, వెంటిలేటర్లు, పల్స్ ఆక్సీమీటర్ల మీద 12 నుంచి 5 శాతానికీ, అంబులెన్సుల మీద 28 నుంచి 12 శాతానికీ దించారు. ఆ సెప్టెంబర్ 30తో గడువు ముగిసి పాత రేట్లే వచ్చాయి. మళ్లీ 2025 సెప్టెంబర్ 22న వైద్య పరికరాల్లో చాలావాటిని 5 శాతంలోకి తెచ్చారు. లక్ష రూపాయల డీఫిబ్రిలేటరు మీద అంతకుముందు పన్ను 12 వేలు, ఇప్పుడు 5 వేలు. పాత కొటేషన్ పట్టుకుని డబ్బు కట్టకండి, బిల్లులో శాతం చూసుకోండి.

అపోహ: పన్ను మొత్తం ఎత్తేస్తే ధర అంతకంతా దిగుతుంది.

వాస్తవం: ఇది కాస్త చిక్కు లెక్క. తయారీదారు ముడిసరుకు మీద, విడిభాగాల మీద ముందే పన్ను కట్టి ఉంటాడు. తన సరుకు అమ్మినప్పుడు వచ్చే పన్నులో దాన్ని సర్దుకుంటాడు. సరుకుకు పూర్తి మినహాయింపు ఇస్తే ఆ సర్దుబాటు పోతుంది, భారం ధరలో కలిసిపోతుంది. పూర్తి మినహాయింపు ఎందుకు ఇవ్వడం లేదో 2021 మేలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పిన కారణం ఇదే. అందులో నిజముంది.

కానీ అంతటితో మాట ఆపేయడం నాకు సమ్మతం కాదు. రేటును ముట్టుకోకుండానే, కొన్నవారికి కట్టిన పన్ను తిరిగి ఇచ్చే పద్ధతి జీఎస్టీ చట్టంలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థలకు, రాయబార కార్యాలయాలకు ఆ సదుపాయం అమలవుతోంది. చందాలతో డీఫిబ్రిలేటరు కొన్న పల్లె సంఘానికి, బిల్లు చూసి ఆ 5 వేలు వెనక్కి ఇవ్వడానికి కొత్త దారి వేయక్కర్లేదు.