మీకు తెలుసా? కెర్నల్‌ను గమనించడానికీ ఖర్చవుతుంది

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆగినవాళ్ళ చేతుల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నల్ మీదే నడుస్తాయి. ఆ కెర్నల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో నమోదు చేసే సాధనం ఎఫ్‌ట్రేస్. స్టీవెన్ రోస్టెడ్ ప్రధానంగా రూపొందించిన ఇది 2008 అక్టోబరులో విడుదలైన 2.6.27 వెర్షన్‌లో చేరింది.

దీనికోసం దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక కాల్ ఉంటుంది. అది ఏమీ రాయకుండా ఊరికే వెళ్ళి వచ్చినా సుమారు 13 శాతం భారం పడేది. అందుకే బూట్ సమయంలోనే ఆ కాల్స్‌ను ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చేస్తారు. ట్రేసింగ్ (అంటే ఈ నమోదు) ఆపి ఉంటే భారం దాదాపు సున్నా. ఎంత చక్కటి ఉపాయం!

ట్రేసింగ్ ఆన్ చేసేటప్పుడు వాటిని తిరిగి కాల్స్‌గా మార్చాలి. అక్కడ ప్రాసెసర్‌ను బట్టి కథ మారుతుంది. ఎక్స్86లో మార్చాల్సిన చోటు 5 బైట్లు. సగం మారిన ఇన్‌స్ట్రక్షన్‌ను మరో కోర్ చదివితే కెర్నల్ కూలిపోవచ్చు. అందుకని తొలినాళ్ళలో కోర్లన్నిటినీ ఆపి మార్చేవారు. తర్వాత బ్రేక్‌పాయింట్ పెట్టి, నడుస్తుండగానే మార్చే పద్ధతి వచ్చింది. ఫోన్లలో ఉండే 64 బిట్ ఆర్మ్‌లో ఇన్‌స్ట్రక్షన్ 4 బైట్లే కాబట్టి ఒక్క రాతతో మారిపోతుంది. ఇక నమోదుకు ఒక్కో కోర్‌కూ వేరే బఫర్ ఉంటుంది కనుక ఒకదానికోసం మరొకటి ఆగదు.

ఇంజినీరింగ్ చదివే పిల్లలూ, అన్ని ఫంక్షన్లనూ కాక కావలసినవాటినే ఎంచుకుని ట్రేస్ చేయండి. లేకపోతే మీరు కొలిచేది ట్రేసింగ్ భారాన్నే.