అద్దె వివాదాలు – న్యాయసహాయ మార్గాలు: బాగ్ లింగంపల్లి పరిసరాల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

బాగ్ లింగంపల్లి, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలలో అద్దె నివాసం నిత్యజీవితంలో భాగం. హౌసింగ్ బోర్డు క్వార్టర్లలోని కుటుంబాలు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయాన్ని ఆశ్రయించి పోటీపరీక్షలకు చదివే అభ్యర్థులు, చిరువ్యాపారులు ఇక్కడి అద్దెదారులలో ఉన్నారు. వివాదం తలెత్తినప్పుడు వీరు సాధారణంగా అడిగే ప్రశ్న "మంచి వకీలు ఎవరు?" అని. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ వివాదం ఏ న్యాయస్థానానికి చెందుతుంది? దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. అద్దె మొత్తమే సరిహద్దు

1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం తెలంగాణలో అద్దెదారుకు ప్రధాన రక్షణ. అయితే 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెలసరి అద్దె రూ. 3,500 మించిన భవనాలకు ఈ చట్టం వర్తించదు. కొత్త కట్టడాలకూ కొంతకాలం మినహాయింపు ఉంది. ఒక చిన్న పోర్షను అద్దె సైతం ఆ మొత్తాన్ని దాటడం నేడు సాధారణం. కాబట్టి చట్టం అమలులో ఉన్నా, దాని రక్షణ అత్యధికులకు అందడం లేదు.

3. చట్టం పరిధిలోని వివాదాలు

పరిధిలోకి వచ్చే అద్దెదారును యజమాని కారణం చూపకుండా ఖాళీ చేయించలేడు. ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగవేయడం, లిఖిత అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, భవనానికి నష్టం కలిగించడం, యజమానికి నిజమైన సొంత అవసరం ఏర్పడడం వంటి కారణాలను 10వ సెక్షన్ పేర్కొంటుంది. యజమాని అద్దె తీసుకోవడానికి నిరాకరిస్తే, 8వ సెక్షన్ చెప్పిన క్రమాన్ని పాటించి దానిని రెంట్ కంట్రోలర్ వద్ద జమచేయవచ్చు. యజమాని తీసుకోలేదని ఊరకుంటే, అదే ఎగవేతగా మారే ప్రమాదం ఉంది. కంట్రోలర్ ఉత్తర్వుపై నగరంలో స్మాల్ కాజెస్ కోర్టు ప్రధాన న్యాయమూర్తికి అప్పీలు, ఆపై హైకోర్టులో రివిజన్ ఉంటాయి.

4. పరిధి వెలుపలి వివాదాలు

వీటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, నెలవారీ నివాస అద్దెను 106వ సెక్షన్ కింద 15 రోజుల లిఖిత నోటీసుతో ముగించవచ్చు. కానీ నోటీసు గడువు తీరగానే సామాను బయట పడవేసే హక్కు యజమానికి రాదు. ఆయన సివిల్ కోర్టులో దావా వేయాలి. బలవంతంగా వెళ్ళగొట్టబడిన వ్యక్తి, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు.

ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాలి. పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడానికి ఇదే కారణం. హాస్టలు గదిలో ఉండేవారి స్థితి వేరు. అక్కడ స్వాధీనం నిర్వాహకుని వద్దే ఉంటే, అది లీజు కాక కేవలం అనుమతి కావచ్చు. పత్రానికి పెట్టిన పేరుకన్నా పక్షాల అసలు ఉద్దేశమే ముఖ్యమని సుప్రీంకోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో స్పష్టం చేసింది.

5. ఉచిత న్యాయసహాయం

1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసేవలకు అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంది. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో దరఖాస్తు చేయవచ్చు. 15100 జాతీయ సహాయ సంఖ్య. అడ్వాన్సు వాపసు వంటి తగాదాలను దావాకు ముందే లోక్ అదాలత్‌కు తీసుకువెళ్ళవచ్చు. అక్కడి అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు. కనుక సంతకానికి ముందే షరతులను క్షుణ్ణంగా చదవాలి.

6. ముగింపు

సహాయం కోరి వెళ్ళేవారు ఒప్పందపత్రం, అద్దె రసీదులు, బ్యాంకు చెల్లింపుల వివరాలు, నోటీసులు వెంట తీసుకువెళ్ళాలి. అద్దె మొత్తం, కట్టడం వయసు తెలిస్తే న్యాయస్థానం తేలుతుంది. అది తేలకుండా వేసిన కేసు ఏళ్ళు గడిచాక పరిధి లేదన్న కారణంతో వీగిపోవచ్చు. 2005 నాటి పరిమితిని నేటి అద్దెలకు అనుగుణంగా సవరించనంత కాలం, ఈ తొలి ప్రశ్నే అద్దెదారు భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.